చోళమండలం చిత్రకారుల ఊరు: ఎగ్మూరు నుంచి ఇంజంబాక్కం దాకా ఒక్క రోజు నడక

చెన్నైకి వచ్చే తెలుగువాళ్లు మహాబలిపురం పోతూ ఈస్ట్ కోస్ట్ రోడ్డులో ఎడమ చేతి వైపు ఒక గేటును చూసీ చూడకుండా దాటిపోతారు. ఆ గేటు లోపలున్నది మ్యూజియం ఒక్కటే కాదు, చిత్రకారులూ శిల్పులూ సొంత డబ్బుతో స్థలం కొని, ఇళ్లు కట్టుకుని, 1966 నుంచి కాపురముంటున్న ఊరు. కారాపి అరగంట చూసి వెళితే అది నాలుగు బొమ్మలూ కొన్ని ఇనుప శిల్పాలూ ఉన్న తోటలాగే కనిపిస్తుంది. దాన్ని ఊరిగా చూడాలంటే నడక ఇంజంబాక్కంలో కాదు, ఎగ్మూరులో మొదలుపెట్టాలి. ఎందుకన్నది దారిలో తెలుస్తుంది.

ముందుగా రోజు ఎంచుకోండి. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికి శుక్రవారం సెలవు. రెండో రోజు ఇదే దారిలో ఉన్న దక్షిణాది పాత ఇళ్ల మ్యూజియం దక్షిణచిత్ర కూడా చూద్దామనుకుంటే దానికి మంగళవారం సెలవు. ఆదివారం సాయంత్రం ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద నగరంలోకి తిరిగొచ్చే బళ్లు బారులు తీరతాయి, గంట దారికి రెండు గంటలు పడుతుంది. బుధ, గురువారాలు అన్నిటికంటే మేలు. నెలల్లో డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. అక్టోబరు, నవంబరుల్లో ఇక్కడ వానాకాలం. మన వైపు వానలు వెనకబట్టే సమయానికి చెన్నైలో మొదలవుతాయి, అది మర్చిపోయి గొడుగు లేకుండా వచ్చేవాళ్లు చాలామంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం శిల్పాల తోటలో నిలబడటం కష్టం.

పొద్దున తొమ్మిదిన్నరకల్లా ఎగ్మూరులో పాంథియన్ రోడ్డు మీదున్న మ్యూజియం దగ్గర ఉండండి. స్టేషన్ నుంచి ఆటోలో ఐదు నిమిషాలు. 1851లో మొదలైన ఈ మ్యూజియమంతా చూడబోతే రోజు అక్కడే అయిపోతుంది, కాబట్టి రెండే రెండు గదులు పెట్టుకోండి. ఒకటి అమరావతి శిల్పాల గది. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి తెప్పించిన పలకల్లో పెద్ద భాగాన్ని 1859లో లండన్‌కు పంపారు. మదరాసులో మిగిలినవీ, తర్వాతి తవ్వకాల్లో వచ్చినవీ ఇక్కడున్నాయి. పల్నాటి సున్నపురాతి మీద చెక్కిన గుండ్రటి పతకాల్లో గుంపులు ఎలా ఒదిగాయో, లోతు తక్కువైనా గీత ఎలా సాగిందో చూసి పెట్టుకోండి. రెండోది కంచు విగ్రహాల గది. అక్కడ ఒక్క విషయం గమనిస్తే చాలు. ఊరేగింపు విగ్రహాన్ని ఎదుట నిలబడి చూడాలి. ముందువైపే దాని ముఖం, బలమూ అక్కడే. ఈ మాట మధ్యాహ్నం మళ్లీ అక్కరకొస్తుంది.

రెండింటికీ కలిపి గంటన్నర సరిపోతుంది. తర్వాత ఆటో ఎక్కి పూనమల్లి హైరోడ్డు మీదున్న ప్రభుత్వ లలితకళల కళాశాలకు వెళ్లండి. ఆటోవాళ్లలో పాతవాళ్లకు ఆర్ట్స్ స్కూల్ అంటేనే తెలుస్తుంది. అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు 1850లో సొంతంగా పెట్టిన బడి ఇది, తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇప్పటికీ పాఠాలు నడుస్తున్న కాలేజీ కాబట్టి అనుమతి లేకుండా లోపలికి వెళ్లలేరు. గేటు దగ్గర మర్యాదగా అడగండి, కాదంటే వాదించకుండా బయటి నుంచే ఆ పాత కట్టడాలు చూసి కదలండి. విద్యార్థుల ప్రదర్శన ఉన్న రోజుల్లో మాత్రం తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి.

తెలుగువాళ్లు ఈ గేటు ముందు రెండు నిమిషాలు ఎక్కువే ఆగాలి. దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలో విజయనగరం నుంచి అంట్యాకుల పైడిరాజు ఇక్కడికే వచ్చి చదువుకున్నారు. పాతాళభైరవి, మాయాబజార్ సెట్లకు రూపం ఇచ్చిన మాధవపెద్ది గోఖలే చదివింది ఇక్కడే. గుడివాడ నుంచి లండన్ దాకా వెళ్లిన ఎస్.వి. రామారావు కూడా ఈ బడి వాడే. మదరాసులో చిత్రకళ అంటే తమిళుల, మలయాళీల కథ అనుకునేవాళ్లు మనలో ఎక్కువ. అది సగమే నిజం.

రాయ్ చౌధురి తర్వాత 1957లో ప్రిన్సిపాలు అయినవారు కె.సి.ఎస్. పణిక్కర్. ఊరు పుట్టింది ఆయన చేతుల మీదే. బడిలో చదువు పూర్తి చేసుకున్న కుర్రాళ్లకు ఉద్యోగాలు లేవు, బొమ్మలు కొనేవాళ్లూ లేరు. బొమ్మ గీయడం మానేసి గుమాస్తా అయిపోవడం ఒక దారి, ప్రకటనల కంపెనీలో చేరడం ఇంకోటి. పణిక్కరూ విద్యార్థులూ మూడో దారి వెతికారు: చేతిపనులు చేసి అమ్మడం, బతుకుతెరువు దానితో గడిపి మిగతా పొద్దు బొమ్మకు ఇవ్వడం. అందుకోసం ఒక హస్తకళల సంఘం పెట్టుకున్నారు. మైనం గీసి రంగు అద్దే బాతిక్ గుడ్డలు, తోలు పని, లోహపు పని ప్రదర్శనలో పెడితే జనం కొన్నారు. ఆ డబ్బు కూడబెట్టి నగరానికి దూరంగా సముద్రపు ఒడ్డున సుమారు పదెకరాల ఇసుక నేల కొన్నారు. ఊరు కట్టింది బొమ్మలు అమ్మిన డబ్బు కాదు, బాతిక్ అమ్మిన డబ్బు. మధ్యాహ్నమంతా చూడబోయేదానికి ఇదే తాళంచెవి.

ఇక్కడి నుంచి అదే రోడ్డున తూర్పుకి, సెంట్రల్ వైపు ఆటోలో వెళ్లి పార్క్ టౌన్ స్టేషన్‌లో వేళచ్చేరి రైలు ఎక్కండి. ఓపిక ఉంటే దారిలో చేపాక్‌లో దిగి మెరీనా మీద అన్నా స్క్వేర్ దగ్గర రాయ్ చౌధురి చేసిన శ్రామిక విజయ శిల్పం చూడండి. 1959లో పెట్టారు. నలుగురు మనుషులు ఒక బండరాయిని కదుపుతున్న కంచు శిల్పం. దాని చుట్టూ పూర్తిగా ఒక ప్రదక్షిణ చేయండి. వీపు కండరాలు, పిక్కలు, రాయి మీద అరచేతుల ఒత్తిడి... ఏ పక్క నుంచి చూసినా శిల్పం నిండుగానే ఉంటుంది. మ్యూజియంలో కంచు విగ్రహం ఎదుట నిలబడినప్పటి చూపు వేరు, ఇది వేరు. రాయ్ చౌధురి శిష్యుల తరం ఈ రెండింటిలో దేన్ని ఎంచుకుందో సాయంత్రానికి కళ్లతోనే చూస్తారు. ఎండ ఎక్కువగా ఉంటే దీన్ని వదిలేసినా నష్టం లేదు, తిరుగు ప్రయాణంలో చూడొచ్చు.

తిరువాన్మియూర్‌లో దిగాక చాలామంది తప్పు చేసే చోటు ఒకటుంది. రైల్వే స్టేషన్ పాత మహాబలిపురం రోడ్డు వైపు ఉంది. మీకు కావలసిన బస్ స్టాండు మరుందీశ్వరర్ గుడి వైపు, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మొదట్లో ఉంది. రెండింటి మధ్య సుమారు రెండు కిలోమీటర్లు. పక్కపక్కనే ఉంటాయనుకుని ఎండలో నడవకండి, ఆటో ఎక్కండి. భోజనం తిరువాన్మియూర్‌లోనే కానిచ్చుకోవడం మంచిది. ఊరు దగ్గరకు వెళ్లాక కాఫీ, చిరుతిండి దొరికినా మన లెక్కలో అన్నం అనదగ్గది వెతుక్కోవాలి.

బస్ స్టాండులో కోవళం వైపు వెళ్లే బస్సు ఏదైనా ఎక్కండి. కొట్టివాక్కం, పాలవాక్కం, నీలాంగరై దాటాక ఇంజంబాక్కం. మొత్తం ఏడెనిమిది కిలోమీటర్లు. కండక్టరుతో "చోళమండల్ స్టాప్, ఎరంగణుం" అంటే చాలు, దిగాలి అని అర్థం. ఫోనులో దారి చూసుకునేవాళ్లు చోళమండలం అని మాత్రమే కొట్టకండి. అదే పేరుతో ఉన్న ఫైనాన్స్ కంపెనీ శాఖలు నగరమంతా ఉన్నాయి, యాప్‌లో కారు పిలిస్తే లోన్ ఆఫీసు ముందు దిగబెట్టగలదు. ఆర్టిస్ట్స్ విలేజ్, ఇంజంబాక్కం అని కలిపి వెతకండి. పేరు సంగతి వచ్చింది కాబట్టి, చోళమండలం నోరు తిరగని తెల్లవాళ్ల నాలుక మీద కోరమండల్ అయింది. మన నెల్లూరు, బెజవాడ, విశాఖల మీదుగా పరుగెత్తే రైలు పేరూ అదే.

లోపలికి వెళ్లాక

రెండు గంటలకల్లా చేరితే మూడు గంటల సమయం మీ చేతిలో ఉంటుంది. 2009లో తెరిచిన సమకాలీన కళాకేంద్రం గేటుకు దగ్గర్లోనే ఉంటుంది. టికెట్టు ఖరీదు తక్కువే, చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. లోపల మదరాసు కళా ఉద్యమం (పణిక్కరూ ఆయన చుట్టూ చేరిన గుంపూ నడిపిన ఆధునిక కళ) మ్యూజియం, అమ్మకానికి పెట్టిన బొమ్మల గ్యాలరీలు, బయట శిల్పాల తోట ఉన్నాయి. అడుగు పెట్టగానే తోటలోకి పరుగెత్తకండి. రెండు గంటలప్పుడు ఎండ నెత్తి మీద ఉంటుంది, లోహపు రేకు మీద నీడలు పడవు, ఫొటోల్లో అంతా బల్లపరుపుగా వస్తుంది. ముందు మ్యూజియం, నాలుగు తర్వాత తోట. సూర్యుడు రోడ్డు వైపుకి వాలాక ఏటవాలు వెలుగు పడి, రేకు మీద కొట్టిన సుత్తి దెబ్బలు ఒక్కొక్కటీ తేలతాయి.

మ్యూజియంలో మొదటి చుట్టు పేర్ల చీటీలు చదవకుండా తిరగండి. ఇరవై నిమిషాలు చాలు. కాలు ఆగిన ఐదు బొమ్మలు గుర్తు పెట్టుకుని రెండో చుట్టులో వాటి దగ్గరే నిలబడండి. చీటీ ముందు చదివితే కన్ను పేరున్నవాళ్ల దగ్గరే ఆగుతుంది, మిగతావాళ్లు గోడలో కలిసిపోతారు.

పణిక్కర్ బొమ్మ ముందు మాత్రం తెలుగువాళ్లకు ఒక చిక్కు వస్తుంది. 1963 నుంచి ఆయన గీసిన పదాలు, సంకేతాలు అనే వరుసలో బొమ్మ నిండా గుండ్రటి అక్షరాలు, గణితపు గుర్తులు, పన్నెండు గళ్ల జాతక చక్రాలు ఉంటాయి. ఆ చక్రం మన ఇళ్లలో పంతులుగారు వేసే చక్రమే కాబట్టి మనవాళ్లు వెంటనే లగ్నం వెతకడం మొదలుపెడతారు. అక్షరాలు మలయాళమా, తెలుగుకు దగ్గరగా ఉందే అని కూడబలుక్కుంటారు. చదవకండి, అక్కడ చదవడానికేమీ లేదు. తాటాకు మీద గంటం నడిచినట్టు నడిచే గీత, పంచాంగం పుటలాంటి అమరిక, రంగుల పొర. కొంచెం దూరం జరిగి, కళ్లు సగం మూసి చూస్తే అక్షరం పోయి గీత మిగులుతుంది. పారిస్‌ నుంచి, న్యూయార్క్‌ నుంచి అరువు తెచ్చుకోకుండా ఆధునికంగా ఎలా గీయాలన్న ప్రశ్నకు ఈ గుంపు చెప్పుకున్న జవాబు ఆ గీతే. పొద్దున అమరావతి పలకలు చూసి ఉంటే ఆ మాట పుస్తకంలో చదివినట్టు కాకుండా కంటికే తడుతుంది.

మరో రెండు మూడు పేర్లు గుర్తుంచుకోండి. కె. రామానుజం 1941లో పుట్టి 1973లో ఈ ఊళ్లోనే ముప్పై ఒకటి, రెండేళ్లకు చనిపోయాడు. కలం, సిరాతో సన్నని గీతలు అల్లి కలల్లో కనిపించే కోటలూ వింత జంతువులూ గీశాడు. ఆయన బొమ్మకు అడుగు దూరంలో నిలబడి, ఒక మూల నుంచి గీతను వెంబడించండి. సుల్తాన్ అలీ బొమ్మల్లో ఎద్దులూ ఆదివాసీ రూపాలూ ఉంటాయి. ఆయన కొంతకాలం మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడిలో బొమ్మల మాస్టారు. ఎం. రెడ్డెప్ప నాయుడు అన్న పేరు ఎక్కడ కనిపించినా ఆగండి. దేవుళ్ల రూపాలను గీతలుగా విడగొట్టిన తెలుగు చిత్రకారుడాయన, చేనేత సేవా కేంద్రంలోనూ పనిచేశారు. బతుకుతెరువు నేత, గుడ్డల చుట్టూ తిరగడం ఈ గుంపులో ఒక్కరిద్దరి సంగతి కాదు.

బాతిక్ తెలియకుండా ఊరు తెలియదు

బాతిక్ అంటే ఏమిటో తెలిస్తే ఈ ఊరి గీత సగం అర్థమవుతుంది. గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డ మీద కరిగించిన మైనంతో బొమ్మ గీస్తారు. మైనం పడిన చోట రంగు ఎక్కదు. శ్రీకాళహస్తి కలంకారీలో నీలిరంగు వేసేటప్పుడు మైనంతో కప్పే పాత పద్ధతి ఎరిగినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. మైనం ఒంటిది పనికిరాదు. పారఫిన్ పెళుసు, తేనెమైనం సాగుతుంది. పారఫిన్ వంతు పెంచితే గుడ్డ నలిగినప్పుడు ఎక్కువ పగుళ్లు, ఆ పగుళ్లలోకి రంగు దిగి సాలెగూడు గీతలు. తేనెమైనం పెంచితే గీత శుభ్రం. రంగు తొట్టి చల్లగా ఉండాలి, వేడిగా ఉంటే మైనం కరిగి బొమ్మ చెరుగుతుంది. ముందు లేత రంగు, తర్వాత ముదురు: పసుపు ముంచి, పసుపుగా మిగలాల్సిన చోట మైనం పెట్టి, ఎరుపు ముంచి, మళ్లీ మైనం, చివరికి నలుపో నీలమో. తారుమారైతే దిద్దుకోవడం ఉండదు. ఆఖరున మరిగే నీళ్లలో వేసి మైనం తీస్తారు.

వేడి మైనం చల్లారేలోపు చెయ్యి ఆగకుండా నడవాలి. ఆగితే చుక్క పడుతుంది, వెనక్కి తీసుకోలేరు. రోజుకు కొన్ని గంటలు ఇలా గీసిన చేతులు కాన్వాసు ముందుకొస్తే గీత ఎంత తడుముకోకుండా పోతుందో ఊహించుకోవచ్చు. చేతిపని కడుపు నింపడానికే, కళ దానికి వేరు అని వాళ్లు అనుకుని ఉండొచ్చు. మన కంటికి మాత్రం ఒకదాని మీద మరొకదాని ముద్ర దొరుకుతూనే ఉంటుంది.

నగరంలో ఎక్కడైనా బాతిక్ కొనేటప్పుడు గుడ్డ తిరగేసి చూడండి. నిజమైన బాతిక్‌లో రంగు రెండు వైపులా దాదాపు ఒకేలా దిగుతుంది. వెనక వైపు వెలవెలబోతే అది బాతిక్ బొమ్మ అచ్చు వేసిన గుడ్డ. పగుళ్లు అంగుళాల లెక్కన ఒకే తీరుగా మళ్లీ మళ్లీ వచ్చినా అంతే.

తోట, వీధి, ఇళ్లు

నాలుగింటికి తోటలోకి రండి. లోహ శిల్పాల ముందు పొద్దున్నటి మాట గుర్తు చేసుకోండి. పణిక్కర్ కుమారుడు ఎస్. నందగోపాల్ లాంటి శిల్పులు రాగి, ఇత్తడి రేకులూ కడ్డీలూ అతికి చేసిన శిల్పాలకు వీపు ముఖ్యం కాదు. వాటికి ఒక ముందువైపు ఉంటుంది, గుళ్లో విగ్రహం మీద తొడిగే కవచంలాగా. మెరీనా శిల్పం చుట్టూ తిరిగినట్టు వీటి చుట్టూ తిరిగి "వెనక ఏమీ లేదే" అనుకునేవాళ్లు ఉంటారు. ఎదుట నిలబడండి. గురువు రాయ్ చౌధురి కండరం చూపించాడు, శిష్యుల తరం రేకు మీద గీత గీసింది. రాతి శిల్పాల చుట్టూ మాత్రం తిరగాల్సిందే.

శిల్పాలు తాకకండి. చేతి చెమటలోని ఉప్పు లోహం మీద మచ్చ పెడుతుంది. సముద్రపు గాలి ఉప్పు ఎలాగూ ఆ పని చేస్తూనే ఉంది, రాగి మీద పచ్చటి పొర దానిదే. దాన్ని తుప్పు అనుకుని జాలిపడనక్కర్లేదు, కింది లోహాన్ని కాచేది ఆ పొరే.

తర్వాత వీధుల్లో ఒక చుట్టు. అరగంట నడక, కిలోమీటరుకు మించదు. ఇక్కడే మర్యాద కావాలి. ఇవి కాపురాలుండే ఇళ్లు. స్థాపకుల్లో చాలామంది ఇప్పుడు లేరు, కొన్ని ఇళ్లలో వాళ్ల కుటుంబాలున్నాయి. గేటు తెరిచి ఉంది కదా అని లోపలికి వెళ్లొద్దు, బెల్లు కొట్టొద్దు, కిటికీలోకి ఫోను పెట్టొద్దు. చిత్రకారుల్ని కలవాలనుంటే కేంద్రం ఆఫీసులో ముందే అడగండి. ఎవరైనా ఒప్పుకుంటే వాళ్లే చెబుతారు. పిలిస్తే పది నిమిషాలు కూర్చుని లేచి రావడం పద్ధతి. "ఈ బొమ్మకు అర్థం ఏంటండీ" అని మొదలుపెట్టకండి. ఏ రంగు వాడారు, ఎన్నాళ్లు పట్టింది అని అడిగితే మాట తనంతట తనే సాగుతుంది. లోపల ఫొటోలకు ప్రతిచోటా విడిగా అడగాలి.

వీధి చివరి నుంచి సముద్రం దగ్గరే. వెళ్లి గాలి పీల్చుకోండి, నీళ్లలో మాత్రం దిగొద్దు. ఈ తీరంలో ఒడ్డు దగ్గరే లోతు పడుతుంది, అల వెనక్కి లాగుతుంది.

కొనాలనుకుంటే

గ్యాలరీలో బొమ్మ కొనేవాళ్లు ముందు అది అసలా, అచ్చా అడగండి. అచ్చు అయితే కింద పెన్సిల్‌తో 7/30 లాంటి అంకె ఉంటుంది, ముప్పైలో ఏడోది అని. కింది అంకె చిన్నదైన కొద్దీ ధర ఎక్కువ. బిల్లుతో పాటు చిత్రకారుడి పేరు, సంవత్సరం, కొలతలు, ఏ రంగులతో వేసిందీ రాసి సంతకంతో తీసుకోండి. తర్వాత ఫోను చేసి అడిగితే ఆలస్యమవుతుంది. బేరం ఆడొచ్చా అంటే, చేతిపని వస్తువుల దగ్గర అడిగి చూడండి, బొమ్మ దగ్గర వద్దు.

రైల్లో తీసుకెళ్లడానికి కాన్వాసును చట్రం నుంచి తీసి చుట్టిస్తే రంగు వైపు బయటికి ఉండేలా చుట్టించండి. అందరూ రంగు పాడవుతుందని లోపలికి చుట్టమంటారు. లోపలికి చుడితే రంగు పొర ముడుచుకుని నలుగుతుంది, విప్పినప్పుడు లేస్తుంది. గొట్టం వెడల్పుగా ఉండాలి, జానెడు అడ్డుకొలత ఉంటే ఇంకా మంచిది. మధ్యలో బటర్ పేపర్ వేయించండి. ఇంటికి వెళ్లగానే విప్పి పరచండి. కాగితం మీది బొమ్మకు ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం కాగితానికి ఆనకుండా మధ్యలో అట్ట అంచు పెట్టించకపోతే వానాకాలం చెమ్మకు కాగితం అద్దానికి అతుక్కుంటుంది.

రెండో రోజు చేతిలో ఉంటే ఇదే రోడ్డున మరో పది పన్నెండు కిలోమీటర్లు వెళితే ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర. 1996లో తెరిచారు. దక్షిణాది పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన చోటు అది. విశాఖ తీరపు చుట్టిల్లు, ఇక్కత్ నేతగాడి ఇల్లు కూడా ఉన్నాయి. రెండూ ఒకే రోజు కుదించాలని చూస్తే చోళమండలం మళ్లీ అరగంట చూపు అయిపోతుంది.

తిరుగు బస్సుకు ఐదున్నరకల్లా రోడ్డు దాటి అవతలి వైపు నిలబడాలి. బళ్లు చాలా వేగంగా పోతాయి, సిగ్నలున్న చోటు దాకా నడిచి దాటండి. దోమల మందు చేతులకు రాసుకుని ఉంటే బస్సు కాస్త ఆలస్యమైనా పర్వాలేదు.